టెక్మో సూపర్ బౌల్‌ని పొగిడేవాళ్ళతో నా పేచీ

టెక్మో సూపర్ బౌల్ అనే పాత వీడియో గేమ్‌ని ఇప్పుడు తిట్టేవాళ్ళు పెద్దగా ఎవరూ లేరు. నా పేచీ పొగిడేవాళ్ళతోనే. 1991 చివర్లో నింటెండో మెషీన్ మీద వచ్చిన ఈ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటని, ఇప్పటిదాకా వచ్చిన స్పోర్ట్స్ గేములన్నిటిలోకీ ఇదే గొప్పదని ఈఎస్‌పీఎన్ తన జాబితాలో తేల్చేసింది. బాగానే ఉంది. కానీ ఎందుకు గొప్పదో చెప్పమంటే చాలామంది ఒకటే పాట అందుకుంటారు. మా చిన్నప్పుడు, మా ఇంటి బేస్‌మెంట్‌లో, మా అన్నయ్యతో... వినడానికి ఇంపుగానే ఉంటుంది. ఆటకి మాత్రం అన్యాయం జరుగుతుంది. చిన్ననాటి ముచ్చట కాబట్టి బాగుందనడమంటే, అసలు సరుకు లేదని పక్కదారిలో ఒప్పుకోవడమే కదా.

నాకు ఆ ముచ్చట లేదు. మాది తెనాలి. తొంభైల్లో మా వీధిలోనూ టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ డబ్బాలు ఉండేవి. నింటెండో వాళ్ళ ఫ్యామికామ్ అనే జపాన్ మెషీన్‌కి నకళ్ళు అవి. క్యాసెట్ మీద 9999 ఆటలని రాసుండేది, లోపల చూస్తే తిప్పితిప్పి అవే పది పదిహేను. మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట, బాతుల్ని కాల్చే ఆట. పని చేయకపోతే క్యాసెట్ ఊడబీకి, ఉఫ్ అని ఊది, మళ్ళీ పెట్టేవాళ్ళం. అమెరికా పిల్లలు టెక్మో ఆడింది కూడా అదే జాతి మెషీన్ మీద. ఆ క్యాసెట్ మాత్రం మా దాకా రాలేదు. వచ్చినా ఎవరికి అర్థమవుతుంది? అమెరికన్ ఫుట్‌బాల్ అనేది ఒకటుందని కూడా మాకు తెలియదు.

నేను ఈ ఆట మొదటిసారి ఆడింది డాలస్ వచ్చి, ఉద్యోగంలో కుదురుకుని, ముప్ఫై దాటాక. అప్పటికే దాని వయసు పాతికేళ్ళు. సోమవారం పొద్దున ఆఫీసులో ఎవర్ని కదిపినా మా ఊరి ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ గెలుపోటముల గురించే మాట్లాడుతుంటే, తప్పక నాలుగు రూల్సు నేర్చుకున్నవాణ్ణి. కాబట్టి నా కళ్ళకి జ్ఞాపకాల పొర ఏమీ అడ్డం లేదు. అయినా ఈ ఆట నన్ను పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో చెప్పాలంటే ముందు అసలు ఫుట్‌బాల్ గురించి రెండు ముక్కలు చెప్పాలి.

మైదానం 100 గజాలు. రెండు వైపులా చెరో 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు ఇస్తారు, ఒక్కోదాన్ని డౌన్ అంటారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు జరిగితే మళ్ళీ నాలుగు దొరుకుతాయి. జరగకపోతే బంతి అవతలివాళ్ళకి పోతుంది. ముందుకు జరగడానికి దారులు రెండే. బంతి పట్టుకుని పరిగెత్తడం, లేదా క్వార్టర్‌బ్యాక్ దాన్ని దూరంగా ఉన్నవాడికి విసరడం. మిగతా రూల్సన్నీ ఆ పైన అల్లినవి.

టీవీలో ఈ మ్యాచ్ మూడు గంటల పైనే నడుస్తుంది. అందులో బంతి నిజంగా కదిలేది దాదాపు 11 నిమిషాలేనని వాల్ స్ట్రీట్ జర్నల్ ఒకసారి లెక్కగట్టింది. మనవాళ్ళు ఈ లెక్క చెప్పుకుని నవ్వుతారు, నేనూ నవ్వాను. మరి మిగతా సేపంతా మైదానంలో జరిగేదేమిటి? ఆలోచన. ఇప్పుడు పరిగెత్తుతారా, విసురుతారా? అలా అనుకుంటారని తెలిసి వీళ్ళు ఇంకోటి చేస్తారా? ఆ 11 నిమిషాల చుట్టూ ఉన్న ఈ ఆలోచనే అసలు ఫుట్‌బాల్. టెక్మో వాళ్ళు దాన్ని తీసుకొచ్చి ఒక్క స్క్రీన్ మీద, ఎనిమిది గళ్ళలో పెట్టారు.

ఆ స్క్రీన్ ఎలా ఉంటుందంటే, పై వరసలో నాలుగు గళ్ళు, అవి పరిగెత్తే ఎత్తుగడలు. కింది వరసలో నాలుగు, అవి పాసులు. ఒక్కో గడిలో చిన్న బొమ్మ, ఎవరు ఎటు వెళ్తారో గీతలు. ఇద్దరు ఆటగాళ్ళూ ఒకే టీవీ వైపు చూస్తుంటారు. బంతి ఉన్నవాడు తన ప్యాడ్ మీద గుట్టుగా ఒకటి నొక్కుతాడు. డిఫెన్స్‌లో ఉన్నవాడికి సొంత ఎత్తుగడలంటూ ఏమీ ఉండవు. అవే ఎనిమిది గళ్ళలోంచి, ఎదుటివాడు దేన్ని నొక్కి ఉంటాడో ఊహించి అదే నొక్కాలి. సరిగ్గా కుదిరిందా, బంతి ఉన్న జట్టు గోడ కూలినట్టే. అడ్డుకోవాల్సినవాళ్ళు అడ్డుకోలేరు, క్వార్టర్‌బ్యాక్ తలెత్తి చూసేలోపే నలుగురు మీద పడతారు. రన్నా పాసా అన్న జాతి మాత్రం కుదిరి గడి తప్పితే కాస్త లాభం. రెండూ తప్పితే నెత్తిన గుడ్డే.

దీనికి ముందు 1989లో నింటెండోకి వచ్చిన టెక్మో బౌల్‌లో ఎత్తుగడలు నాలుగే, జట్టుకి తొమ్మిది మందే. నాలుగింటిలో ఒకటంటే గుడ్డిగా నొక్కినా తగిలేస్తుంది, కాబట్టి ఊహకి విలువ తగ్గిపోతుంది. దాన్ని ఎనిమిది చేయడమే సూపర్ బౌల్‌లో జరిగిన పెద్ద మార్పు అంటాను నేను. ఎనిమిదింటిలో ఒకటి గుడ్డిగా తగలడం కష్టం. కానీ ఎదురుగా ఉన్నది మనిషి. మనిషి గుడ్డిగా నొక్కడు. వాడికి అలవాట్లు ఉంటాయి, భయాలు ఉంటాయి, ఇష్టమైన గడి ఒకటి ఉంటుంది. కంగారు పడ్డప్పుడల్లా చెయ్యి దాని మీదికే పోతుంది.

మా బావమరిది ఎమ్మెస్ చదవడానికి వచ్చిన కొత్తలో ఓ శనివారం రాత్రి వాణ్ణి కూర్చోబెట్టాను. క్రికెట్ తప్ప ఇంకోటి తెలియని మనిషి. రూల్సు చెప్పబోతే "ఆడుతూ చెప్పు బావా" అన్నాడు. వాళ్ళ పిన్ని వాళ్ళు హ్యూస్టన్‌లో ఉన్నారని హ్యూస్టన్ ఆయిలర్స్‌ని ఎంచుకున్నాడు. నేను న్యూయార్క్ జెయింట్స్. ఆయిలర్స్ అప్పట్లో పాసులు పట్టే రిసీవర్లని నలుగుర్ని మైదానమంతా పరిచి, క్వార్టర్‌బ్యాక్ వారెన్ మూన్ చేత విసిరించే జట్టు, గేమ్‌లోనూ అలాగే పెట్టారు. మావాడికి ఆ సంగతేమీ తెలియకపోయినా విసరడం ఎక్కేసింది. మూడో డౌన్, ఇంకా ఎనిమిది గజాలు కావాలి. ఇలాంటప్పుడల్లా వాడు ప్యాడ్‌ని కొంచెం ఒళ్ళోకి లాక్కుంటున్నాడు, కింది వరసలో రెండో గడినే నొక్కుతున్నాడు. నేనూ రెండోదే నొక్కాను. మా జెయింట్స్ డిఫెన్స్‌లోని లారెన్స్ టేలర్ వెళ్ళి మూన్‌ని పడేశాడు. మళ్ళీ అదే పరిస్థితి, మళ్ళీ అదే పని. మూడోసారి కూడా ప్యాడ్ ఒళ్ళోకి లాక్కున్నాడు, ఊపిరి బిగబట్టాడు. నేను ధీమాగా రెండో పాస్ నొక్కాను. వాడు పై వరసలోది నొక్కి, మధ్యలోంచి పన్నెండు గజాలు పరిగెత్తించాడు. నా వైపు తిరిగి, "ఇది బంతాట కాదు బావా, మూడు ముక్కలాట" అన్నాడు.

అంతే. ఇన్నేళ్ళలో నేను చదివిన ఏ రివ్యూలోనూ ఇంత సూటైన మాట చూడలేదు. వాడికి ఫుట్‌బాల్ రాదు, నింటెండో మీద మమకారం లేదు, గేమ్‌లో ఉన్న 28 జట్లలో ఒక్క ఆటగాడి పేరు తెలియదు. ప్యాడ్ ఒళ్ళోకి లాక్కోవడం కూడా బ్లఫ్‌గా వాడుకోవచ్చని మాత్రం గంటలోపే కనిపెట్టేశాడు.

గడి నొక్కాక చేతివాటం కూడా కావాలి, కాదనను. ఇద్దరు ఢీకొంటే బటన్ టకటకా కొట్టి విడిపించుకోవాలి. పాస్ విసిరేముందు ఎవరికి విసరాలో ఒక్కొక్కర్నీ మారుస్తూ చూసుకోవాలి. కానీ అవన్నీ చెయ్యి తిరిగితే వచ్చేవే. ఎదుటివాణ్ణి చదవడం వేరే విద్య.

ఇక అప్పటి రివ్యూల సంగతి. ఈ ఆట వచ్చిన సమయం చూడండి. 1991 ఆగస్టుకల్లా నింటెండో వాళ్ళ కొత్త మెషీన్ సూపర్ నింటెండో అమెరికా దుకాణాల్లో ఉంది. సెగా కంపెనీ మెషీన్ జెనెసిస్ మీద మ్యాడెన్ ఫుట్‌బాల్ అనే పోటీ ఆట అంతకు ముందు ఏడాదే వచ్చేసింది. అంటే టెక్మో తన పెద్ద ఆటని ముసలి మెషీన్ మీద దించింది. అయినా ఆదరణ బాగానే దక్కింది. మెచ్చుకున్నవాళ్ళు ఎక్కువగా మెచ్చుకున్నది నిజ జీవితానికి దగ్గరగా ఉండటాన్ని. ఎన్ఎఫ్ఎల్ అనే ఫుట్‌బాల్ లీగ్ లైసెన్సు, ఆటగాళ్ళ సంఘం లైసెన్సు రెండూ ఉన్న మొదటి గేమ్ ఇదే. టెక్మో బౌల్‌కి ఆటగాళ్ళ సంఘం అనుమతి మాత్రమే ఉండేది, కాబట్టి మనుషుల పేర్లు నిజమైనవి, జట్లకి ఊరి పేర్లతో సరి. ఇందులో 28 జట్లూ సొంత పేర్లతో, 1991 షెడ్యూలు ప్రకారం 16 మ్యాచుల సీజన్‌తో ఉన్నాయి. ఎవరు ఎన్ని గజాలు పరిగెత్తారో, ఎవరు ఎన్ని పాసులు పట్టారో అంతా క్యాసెట్‌లోని చిన్న బ్యాటరీ సాయంతో గుర్తుండిపోయేది. గాయాలు కూడా ఉన్నాయి, దెబ్బ తగిలినవాడు కొన్ని వారాలు బెంచీ మీదే.

అప్పట్లో ఇది చిన్న విషయం కాదని ఒప్పుకుంటాను. అదే సీజన్‌లో జెనెసిస్ మీద వచ్చిన మ్యాడెన్ '92 చూడటానికి ఎంతో బాగుండేది. గాయపడ్డవాడి కోసం అంబులెన్స్ మైదానంలోకి వచ్చి, దారిలో నిలబడ్డవాళ్ళని గుద్దుకుంటూ పోయేది. కానీ అందులో ఆటగాళ్ళ అసలు పేర్లు లేవు, జట్లకి ఊళ్ళ పేర్లే. బొమ్మలు బాగున్న ఆటకి పేర్లు లేవు, పేర్లు ఉన్న ఆటకి బొమ్మలు అంతంత మాత్రం. పేర్ల లెక్కలోనూ చిన్న లోటు ఉంది. జిమ్ కెల్లీ, బెర్నీ కోసార్, రాండల్ కనింగ్‌హామ్ అనే ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌ల హక్కులు సంఘం ఒప్పందం కిందికి రాలేదు. అందుకని వాళ్ళు తమ జట్టు పేరుకి ముందు క్యూబీ, అంటే క్వార్టర్‌బ్యాక్, అని తగిలించిన క్యూబీ బిల్స్, క్యూబీ బ్రౌన్స్, క్యూబీ ఈగిల్స్ అనే పేర్లతో తిరుగుతుంటారు. వాళ్ళలో క్యూబీ ఈగిల్స్ ఎంత వేగంగా పరిగెత్తుతాడంటే, అసలు మనిషి కంటే ఆ పేరే అభిమానుల నోళ్ళలో ఎక్కువ నానింది.

అయితే ఆ రోజుల్లో నింటెండో పవర్ పత్రిక మార్కులు వేసిన పద్ధతి చూస్తే నా పేచీ ఎక్కడో తెలుస్తుంది. బొమ్మలు, శబ్దం కలిపి ఒక మార్కు. కంట్రోల్‌కి ఒకటి. కష్టానికి ఒకటి. కథావస్తువు, సరదా కలిపి ఒకటి. పక్కన కూర్చున్న మనిషికి మార్కు వేయడానికి గడి లేదు. ఒక్కడే కూర్చుని క్యాసెట్‌ని పరీక్షించి మార్కులు వేసే పద్ధతి అది. ఈ ఆట ఒక్కడు ఆడితే సగమే. స్టాటిస్టిక్సు, సీజను, గాయాలు, ఇవన్నీ ఒంటరిగా ఆడేవాడికి దక్కేవి. రివ్యూ రాసేవాడూ మామూలుగా ఒంటరివాడే, కాబట్టి అవే కంటికి ఆనాయి.

మధ్యలో వచ్చే సినిమా ముక్కల గురించి మాత్రం అప్పటివాళ్ళ మెప్పుతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. టెక్మో జపాన్ కంపెనీ. ఇదే మెషీన్ మీద నింజా గైడెన్‌లో కథని పెద్ద పెద్ద బొమ్మలతో సినిమాలా చెప్పింది వీళ్ళే, కెప్టెన్ సుబాసా అనే సాకర్ కామిక్‌ని ఆటగా మార్చిందీ వీళ్ళే. ఆ చెయ్యి ఇక్కడ కనిపిస్తుంది. దూరం పాస్ విసిరాక బంతి కిందికి దిగే క్షణంలో మైదానం మాయమై, స్క్రీన్ నిండా రిసీవర్ చేతులు చాచి ఎగురుతాడు. పట్టాడా, వదిలేశాడా? ఆ ఒక్క క్షణం ఇద్దరూ ప్యాడ్లు వదిలేసి చూస్తుంటారు. నొక్కడానికి ఏమీ ఉండదు, టెన్షన్ మాత్రం అప్పుడే ఎక్కువ. ఇప్పటి గేములు ఇంతకు వెయ్యి రెట్లు నిజంగా కనిపించే క్యాచులు చూపిస్తాయి గానీ, చూపించే ముందు ఆగడం వాటికి చేతకాదు.

ఈ ఆట మీద వచ్చే విమర్శల్లో పెద్దది బో జాక్సన్, లాస్ ఏంజెలెస్ రెయిడర్స్ జట్టులో బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్. మొదటి టెక్మో బౌల్‌లో అతను ఎవరికీ చిక్కడు. సూపర్ బౌల్‌లో కాస్త తగ్గించారు, అయినా అతని గరిష్ఠ వేగం 75, రన్నింగ్ బ్యాక్‌లలో ఇంకెవరికీ అంత లేదు. ఓపిక ఉన్నవాడు అతనితో మైదానమంతా వెనక్కీ ముందుకీ వంకరటింకరగా పరిగెత్తించి, ఒక్క డౌన్‌లోనే క్వార్టర్‌లో, అంటే మ్యాచ్‌లో నాలుగో వంతులో, సగం టైము తినేయగలడు. ఇది సమతూకం లేని ఆట, కాబట్టి లోపం, అంటారు కొందరు. ఇంకొందరు అదే దాని అందం అంటారు గానీ, ఎందుకో చెప్పరు.

నేను చెబుతాను. బో జాక్సన్ మామూలు ఆటగాడు కాదు. బేస్‌బాల్ అతని ఉద్యోగం, ఫుట్‌బాల్ తన హాబీ అని తనే అన్నాడు. బేస్‌బాల్ సీజన్ ముగిశాక వచ్చి రెయిడర్స్‌తో చేరేవాడు, అందుకే ఏ ఏడాదీ 11 మ్యాచులకి మించి ఆడలేదు. నాలుగు సీజన్లలో కలిపి 38 మ్యాచులు, 2,782 గజాలు. ఆ అంకెలు మాత్రమే చూసిన కంప్యూటర్ అతన్ని మంచి ఆటగాడని రాసుకుంటుందే తప్ప, దేవుడని రాయదు. కానీ 1987 నవంబర్‌లో, తన 25వ పుట్టినరోజున, సియాటిల్ మీద 91 గజాలు పరిగెత్తి, ఆగకుండా స్టేడియం సొరంగంలోకి దూసుకుపోయినవాణ్ణి చూసిన జనానికి అంకెలతో పనేముంది? వాళ్ళ నోళ్ళలో బో ఎవరో, గేమ్‌లో బో అతనే. టెక్మో వాళ్ళు పెట్టింది అతని రికార్డుని కాదు, అతని పేరుని. అమెరికా బయట తయారైన ఆట కాబట్టే ఈ ధైర్యం వచ్చిందేమోనని నా అనుమానం. దూరంగా ఉన్నవాళ్ళకి చేరేది ముందు పేరే.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. 1991 జనవరి 13న లాస్ ఏంజెలెస్‌లో సిన్సినాటి మీద ప్లేఆఫ్ మ్యాచ్‌లో, 34 గజాలు పరిగెత్తాక ఎదుటివాడు పట్టి పడేయడంతో బో తుంటి కీలు జారిపోయింది. మళ్ళీ ఫుట్‌బాల్ ఆడలేదు. 1992లో తుంటి మార్చారు, ఆ కృత్రిమ తుంటితోనే 1993లో బేస్‌బాల్‌లో హోమ్ రన్ కొట్టాడు గానీ ఫుట్‌బాల్ మాత్రం ముగిసిపోయింది. టెక్మో సూపర్ బౌల్ దుకాణాలకి వచ్చింది ఆ దెబ్బ తగిలిన పదకొండు నెలలకి. అంటే 1991 సీజన్ షెడ్యూలుతో వచ్చిన ఆటలో, ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడని మనిషి అందరికంటే వేగంగా పరిగెత్తుతున్నాడు, 16 మ్యాచులూ ఆడుతున్నాడు. గాయమైతే కొన్ని వారాల్లో తిరిగొస్తున్నాడు. నిజానికి దగ్గరగా ఉందని ఈ ఆటని మెచ్చుకున్నవాళ్ళకి ఇదే నా జవాబు. ఇందులో అందరికీ గుర్తుండిపోయిన మనిషి విషయంలో ఇది నిజానికి చాలా దూరం, ఆ దూరమే దాన్ని నిలబెట్టింది.

కాన్సాస్ సిటీ తరఫున క్రిస్టియన్ ఒకోయే అనే నైజీరియా మనిషి ఉంటాడు. అతన్ని పట్టుకోబోయినవాళ్ళు గోడకి తగిలి ఎగిరినట్టు ఎగిరిపోతారు. అసలు మైదానంలోనూ అతనికి అలాంటి పేరే ఉండేది. ఇంతకంటే ఆ విషయం సాగదీయను.

తర్వాత వచ్చిన మెప్పు గురించి మొదట్లోనే చెప్పాను. చిన్ననాటి ముచ్చట వాదనని పడగొట్టడానికి టెక్మో చరిత్రే సాక్ష్యం. 1993లో సూపర్ నింటెండోకీ జెనెసిస్‌కీ ఇదే పేరుతో కొత్త రూపం వచ్చింది. బొమ్మలు మెరుగు, మంచు, వాన, మూడు సీజన్ల జట్లు. 2008లో నింటెండో వాళ్ళ చేతిలో పట్టుకుని ఆడే మెషీన్ డీఎస్ కోసం టెక్మో బౌల్ కికాఫ్ వచ్చింది. 2010లో టెక్మో బౌల్ త్రోబ్యాక్ వచ్చింది, ఆట మధ్యలో ఒక బటన్ నొక్కితే పాత బొమ్మల్లోంచి కొత్త త్రీడీ బొమ్మల్లోకి మారిపోయేది. జ్ఞాపకాలే సరుకైతే, జ్ఞాపకాల కోసమే తయారైన త్రోబ్యాక్ చెలరేగిపోవాలి కదా? పోలేదు. జనం ఇప్పటికీ పోటీలు పెట్టుకుని ఆడేది 1991 క్యాసెట్‌నే. ప్రతి ఏడాదీ కొత్త ఆటగాళ్ళ పేర్లు, ఇప్పటి 32 జట్లు పెట్టి అభిమానులు మార్చి వదిలేదీ దాన్నే. నా చిన్నతనమే ముఖ్యం అనుకునేవాడు 1991 నాటి పేర్లని చెరిపి నిన్నటి పేర్లు పెట్టుకోడు. పేర్లు మారినా పోనిది ఏదో అందులో ఉందని తెలిసినవాడే ఆ పని చేస్తాడు.

పేర్లు తీసేస్తే ఏమవుతుందో కూడా కంపెనీయే చూపించింది. 2016లో నింటెండో ఆ పాత మెషీన్‌ని చిన్న సైజులో ఎన్ఈఎస్ క్లాసిక్ పేరుతో అమ్మినప్పుడు అందులో పెట్టింది సూపర్ బౌల్‌ని కాదు, మొదటి టెక్మో బౌల్‌ని. దాన్లోనూ ఆటగాళ్ళ పేర్లు పీకేసి జెర్సీ నంబర్లు పెట్టారు. లైసెన్సుల గొడవ మరి. కానీ లాస్ ఏంజెలెస్ జట్టులో 34 నంబరు బో జాక్సన్‌దని ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. ఇక్కడ లైసెన్సుల గొడవ చిన్నది కాదు. 2004 డిసెంబర్‌లో మ్యాడెన్ తయారుచేసే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ లీగ్‌తో ప్రత్యేక ఒప్పందం చేసుకుంది. దాంతో, అదే ఏడాది 20 డాలర్లకే అమ్మి మ్యాడెన్‌కి చెమటలు పట్టించిన సెగా 2కే ఆటకి కూడా దారి మూసుకుపోయింది. పోటీ లేని చోట రివ్యూ రాసేవాడికి పని ఏముంది? పోయినేటి మ్యాడెన్ కంటే ఈ ఏటి మ్యాడెన్ ఎంత మేలు అని రాయడం తప్ప. అందుకే ఫుట్‌బాల్ గేముల మీద విమర్శ అన్నది చాలా ఏళ్ళుగా సంవత్సరం లెక్కల పుస్తకంలా తయారైంది. ఈ మాట కొంచెం ఘాటుగా ఉందని తెలుసు, అయినా వెనక్కి తీసుకోను.

టెక్మో సూపర్ బౌల్‌కి లోపాలు లేవా అంటే, బోలెడు. ఆ మెషీన్ తెరమీద ఒక అడ్డగీతలో ఎనిమిది బొమ్మ ముక్కలకి మించి చూపించలేదు. ఒక్కో ఆటగాడి వెడల్పుకే రెండు ముక్కలు పడతాయి. అంటే ఒకే వరసలోకి ఐదుగురు వచ్చారంటే ఎవరో ఒకరు మిణుకుమిణుకుమంటూ మాయమైపోతారు. ఫుట్‌బాల్‌లో మనుషులు వరసల్లోనే నిలబడతారు మరి! అంతకంటే నాకు చిరాకు తెప్పించేది కంప్యూటర్. సీజన్‌లో మనం గెలిచేకొద్దీ ఎదుటి జట్ల బలం లోపల్లోపల పెంచుకుంటూ పోతుంది. అభిమానులు దాన్ని జూస్ అంటారు. మొదటి వారాల్లో తాబేళ్ళలా నడిచినవాళ్ళు సీజన్ చివరికి మన బోని కూడా వెనకనుంచి వచ్చి పట్టేస్తారు. ఎత్తుగడ ఊహించడంలో కంప్యూటర్‌కి భయమూ లేదు, అలవాటూ లేదు, కాబట్టి చదవడానికీ ఏమీ లేదు. ఒక్కడే ఆడి ఈ ఆట బోర్ కొట్టిందని ఎవరైనా అంటే నేను వాదించను. వాళ్ళు చెప్పింది నిజమే.

సమతూకం సంగతి మాత్రం ఆడేవాళ్ళే తేల్చేసుకున్నారు. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో ఏటా ఈ ఆటకి పెద్ద టోర్నమెంటు జరుగుతుంది. అక్కడి పద్ధతి చక్కగా ఉంటుంది. ఒకడు ఏ రెండు జట్లు ఆడాలో చెబుతాడు, వాటిలో ఏది కావాలో రెండోవాడు ఎంచుకుంటాడు. రెయిడర్స్‌కి పోటీగా బక్కజట్టుని పెడితే, రెయిడర్స్ ఎదుటివాడికి పోతుంది. కాబట్టి సరిజోడీనే చెప్పాలి. తయారుచేసినవాళ్ళు తూకం వేయని ఆటకి ఆడేవాళ్ళు ఒక్క రూలుతో తూకం వేశారు.

మేమిద్దరం ఇప్పుడు ఆ రూలుతోనే ఆడుతున్నాం. అయితే బావమరిది చెప్పే జోడీ దాదాపు ఎప్పుడూ ఒకటే. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్, ఇండియానాపొలిస్ కోల్ట్స్. పేట్రియట్స్ 1990లో 16 మ్యాచుల్లో ఒక్కటే గెలిచిన జట్టు, ఈ గేమ్‌లో కోల్ట్స్ కూడా అడుగు బాపతే. ఇటూ అటూ ఒక్కడు కూడా వేగంగా పరిగెత్తలేడు, పాస్ విసిరితే ఎటు పోతుందో విసిరినవాడికే తెలియదు. తప్పు గడి నొక్కితే ఆదుకోవడానికి బో లేడు, టేలర్ లేడు. మిగిలేది ఆ ఎనిమిది గళ్ళూ, సోఫాలో నా పక్కన ప్యాడ్ ఒళ్ళోకి లాక్కుని కూర్చున్న వాడూ. పోయిన నెల వాడు నాలుగో డౌన్‌లో మళ్ళీ ఊపిరి బిగబట్టాడు. రన్ అనుకున్నాను, పాస్ కొట్టాడు.